కుక్కల ఒంటి మీది పురుగులు, కడుపులోని పురుగులు: ఇంటి వైద్యం ఎంతవరకు?



మన పల్లెల్లో కుక్క లేని ఇల్లు తక్కువ. మా పావగడ వైపు గానీ, కోలారు, బళ్ళారి జిల్లాల్లో గానీ, అటు హోసూరు, కృష్ణగిరి వైపు గానీ, కుక్కను ప్రత్యేకంగా పెంచుతున్నామని మన తెలుగువాళ్ళు ఎవరూ అనుకోరు. అది ఇంట్లో ఉంటుంది, అంతే. గొర్రెల మంద వెంట వెళ్తుంది, కళ్ళం దగ్గర కాపలా పడుకుంటుంది, పిల్లల వెంట బడి గేటు దాకా వస్తుంది. దానికి గోమార్లు పట్టినా, కడుపులో పురుగులు పడినా మనం మొదట చేసేది ఇంట్లో ఉన్నదానితో వైద్యమే. వేపాకు, పసుపు, కానుగ నూనె, పొగాకు, వెల్లుల్లి, కిరసనాయిలు, ఇలా ఎవరికి తెలిసింది వాళ్ళు చేస్తారు. వీటిలో నిజంగా పనికివచ్చేవి ఏవి, పనికిరానివి ఏవి, కుక్క ప్రాణం మీదికి తెచ్చేవి ఏవి అనే విషయం ఈ ప్రసంగంలో చెప్పుకుందాం. నేను పశువైద్యుణ్ణి కాను, బడిలో సైన్సు పాఠం చెప్పేవాణ్ణి. చదివి తెలుసుకున్నదీ, ఊళ్ళో చూసినదీ కలిపి చెబుతాను.

ముందు పేర్లు సరిచూసుకుందాం. సరిహద్దు జిల్లాల్లో ఒకే పురుగుకు మూడు భాషల్లో మూడు పేర్లుంటాయి. చర్మానికి కరుచుకుని రక్తం తాగి, ఆముదం గింజలా ఉబ్బేది గోమారి. కొందరు పిడుదు అంటారు. తమిళంలో ఉణ్ణి, కన్నడంలో ఉణ్ణె. వెంట్రుకల మధ్య చురుకుగా పరుగెత్తుతూ, పట్టుకోబోతే ఎగిరి దూకే చిన్న నల్ల పురుగు వేరు. కన్నడంలో దాన్ని చిగట అంటారు, తమిళంలో తెళ్ళుపూచ్చి. మనం దూకుడు పురుగు అందాం. ఇక కడుపులో ఉండేవి ఏలికపాములు, కొంకిపురుగులు, బద్దెపురుగులు.

గోమార్ల సంగతి మొదట చూద్దాం. ఒకసారి మా ఏడో తరగతి పిల్లలు రక్తం తాగి ఉబ్బిన గోమారి ఒకదాన్ని గాజు సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి కిటికీలో పెట్టారు. కొన్నాళ్ళకు అది గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. రాగి గింజలో సగం కూడా లేని గోధుమ రంగు గుడ్లు, కుప్పలుగా. లెక్కపెట్టబోయి చాలక వదిలేశారు. ఒక ఆడ గోమారి వేలల్లో గుడ్లు పెట్టగలదు. గుడ్లు పెట్టాక అది చచ్చిపోతుంది. ఆ సీసాను తర్వాత మరిగే నీళ్ళలో ముంచేశాం.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఆ గుడ్లు కుక్క ఒంటి మీద పెట్టవు. కడుపు నిండిన గోమారి కిందికి రాలి, గోడ పగుల్లోకో, గడప సందులోకో, రాళ్ళ కట్ట కిందికో పాకి అక్కడ గుడ్లు పెడుతుంది. పిల్లలు అక్కడే పొదిగి, కుక్క పడుకున్నప్పుడు ఎక్కుతాయి. ఎదిగే దశల మధ్య రెండుసార్లు మళ్ళీ కిందికి దిగి, మళ్ళీ ఎక్కుతాయి. తిండి లేకుండా నెలల తరబడి ఆ సందుల్లో కాచుకుని ఉండగలవు. దూకుడు పురుగుల సంగతీ ఇంతే. అవి పెట్టే గుడ్లు కుక్క ఒంటి నుంచి జారి దాని గోనెపట్ట మీదా, మంచం కింద దుమ్ములోనూ పడతాయి. కుక్క మీద మనకు కనిపించేవి కొద్ది భాగమే, మిగతావన్నీ ఇంట్లోనూ వాకిట్లోనూ ఉన్నాయన్నమాట. కుక్కకు మాత్రమే మందు రాసి ఊరుకుంటే పది రోజులకే మళ్ళీ పట్టడానికి కారణం ఇదే.

అందుచేత మందు మాట ఎలా ఉన్నా, పైసా ఖర్చు లేని పనులు కొన్ని ముందు చేయాలి. కుక్క పడుకునే గోనెపట్టను వారానికి ఒకసారి మరిగే నీళ్ళలో ముంచి, మంచి ఎండలో రెండు వైపులా ఆరబెట్టాలి. అది పడుకునే చోటును రోజూ ఊడ్చి, ఆ దుమ్మును మూలకు నెట్టకుండా కాల్చేయాలి. గోడ పగుళ్ళను మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి, సున్నం కొట్టాలి. గోమారి పైకి పాకే పురుగు కనుక గోడ కింది భాగం చూసి ఆగిపోకండి. తలుపు చట్రాలు, పశువుల కొట్టంలో గుంజలు, పైకప్పు సందులు కూడా చూడాలి. వాకిట్లో తిరిగే నాటుకోళ్ళు గోమార్లను ఏరుకు తింటాయి, అదీ ఒక సాయమే.

తర్వాత కుక్క ఒళ్ళు. రోజుకు ఒక్క పది నిమిషాలు కేటాయించండి. చెవుల లోపలి మడతలు, మెడ కింద, చంకలు, వేళ్ళ సందులు, తోక మొదలు, ఈ చోట్లలో గోమార్లు ఎక్కువగా దాక్కుంటాయి. దొరికినదాన్ని చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. లాగినదాన్ని సబ్బు నీళ్ళ గిన్నెలో వేయాలి. గోళ్ళ మధ్య నలపకూడదు, ఆ రక్తంలో రోగక్రిములు ఉండవచ్చు. దానికి నిప్పు అంటించడం, కిరసనాయిలు చుక్క వేయడం కూడా మంచిది కాదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గోమారి కరిచిన వెంటనే రోగం ఎక్కించదు, చాలా రోగాలకు కొన్ని గంటలు పడుతుంది. అందుకే రోజూ ఏరడానికి అంత విలువ.

దూకుడు పురుగులకు మన ఇళ్ళలో ఉండే పేలదువ్వెనే మంచి ఆయుధం. ఒక తెల్ల గుడ్డ తడిపి పరిచి, దాని మీద కుక్కను నిలబెట్టి దువ్వండి. నల్లటి నలుసులు రాలి, తడికి ఎర్రగా కరిగితే అది పురుగు విసర్జించిన రక్తం. పురుగు ఉన్నదనడానికి అదే గుర్తు. సబ్బు నీళ్ళతో బాగా నురుగు వచ్చేలా స్నానం చేయిస్తే ఆ పురుగులు చాలావరకు మునిగి చస్తాయి. ముందుగా మెడ చుట్టూ నురుగు పట్టించండి. లేకపోతే అన్నీ తల మీదికి ఎక్కుతాయి.

ఇప్పుడు వేప దగ్గరికి వద్దాం. వేపలో ఉన్న అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగుల తిండినీ ఎదుగుదలనూ అడ్డుకుంటుందని శాస్త్రజ్ఞులు రుజువు చేశారు. అంటే పెద్దలు చెప్పినదానిలో నిజం ఉంది. అయితే వేప పురుగును అక్కడికక్కడే చంపే విషం కాదు. అప్పటికే కరుచుకుని ఉన్న గోమారి వేప నీళ్ళకు రాలిపోతుందని ఆశించకూడదు. కొత్తవి ఎక్కకుండా కొంత అడ్డుపడుతుంది, అదీ ఒకటి రెండు రోజులే. రెండు గుప్పిళ్ళ ఆకు నీళ్ళలో మరిగించి, చల్లార్చి, వడకట్టి, స్నానం అయ్యాక ఒంటి మీద పోసి అలాగే ఆరనివ్వవచ్చు. వేపనూనెను అచ్చంగా రాయకూడదు. ఒక చెంచా వేపనూనెకు పది చెంచాల కొబ్బరినూనె కలిపి, మొదట చిన్న చోట రాసి ఒక రోజు చూడాలి. దద్దురు రాకపోతే మెడకు, చెవుల వెలుపల, కాళ్ళకు పలుచగా రాయవచ్చు. నాకకుండా చూడాలి. చిన్న పిల్లలకూ, కడుపుతో ఉన్న కుక్కకూ రాయవద్దు. వేపనూనెను నోట్లో పోయడం అసలు పనికిరాదు.

కానుగ నూనెను మన పల్లెల్లో గజ్జికి రాయడం ఉంది. దురద కొంత తగ్గవచ్చు. పసుపు గోకిన పుండుకు మంచిదే, కానీ గోమారిని ఏమీ చేయదు. వెంట్రుకలు ఊడిపోయి చర్మం మందమవుతూ ఉంటే అది ఏ రకం గజ్జి అన్నది చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే గానీ తేలదు. ఒక రకం గజ్జి ఇంట్లో మనుషులకు కూడా దురద తెప్పిస్తుంది. అలాంటప్పుడు నూనెలతో నెలలు గడపకుండా పశువైద్యశాలకు తీసుకుపోవాలి.

ఇంటి వైద్యం పేరుతో జరిగే హాని గురించి ఇప్పుడు గట్టిగా చెప్పాలి. కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, నాకితే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తుంది. లారీల నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిలు గజ్జికి రాస్తారు. అందులో సీసం లాంటి విషపు లోహాలుంటాయి. పొగాకు కషాయంలోని నికొటిన్ ఒంటి మీద పోసినా చర్మం గుండా లోపలికి పోతుంది. ఫినాయిలు నేల కడగడానికి ఉన్నది, కుక్కను కడగడానికి కాదు. సీతాఫలం గింజల పొడి పేలను చంపుతుంది నిజమే, కానీ కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. ఇది పిల్లల తలకు రాసేవాళ్ళు కూడా గుర్తుపెట్టుకోవాలి. వెల్లుల్లి, ఉల్లి తినిపిస్తే పురుగులు పోతాయని చెబుతారు. అవి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. అసలే గోమార్లు రక్తం తాగిన కుక్కకు అది రెండో దెబ్బ. కర్పూరం, కలరా ఉండలు, మైలుతుత్తం, ఇవన్నీ విషాలే. పొలానికి కొట్టే పురుగుమందుల సంగతి చెప్పనక్కరలేదు. ఎద్దుల ఒంటికి కొట్టే గోమార్ల మందును అదే కొలతలో కుక్కకు కొట్టడం కూడా ఇలాంటిదే. మందు కొలత, జంతువు జాతి మారితే మారుతుంది.

ఇక లోపలి పురుగులు. పుట్టిన కుక్కపిల్లకు కడుపు ఉబ్బెత్తుగా ఉండి, ఒళ్ళు చిక్కిపోతూ ఉంటే పాలు అరగలేదనుకుంటాం. చాలాసార్లు అవి ఏలికపాములు. తల్లి కడుపులో ఉండగానే ఇవి పిల్లలోకి చేరతాయి. కొంకిపురుగులు తల్లి పాలలో నుంచి, తడి నేల నుంచి చర్మం గుండా కూడా ఎక్కుతాయి. పేగు గోడ పట్టుకుని రక్తం తాగుతాయి. ఒక ఈతలో ఐదారు పిల్లలు పుట్టి, నెల తిరిగేసరికి ఒకటో రెండో మిగలడం మన ఊళ్ళలో మామూలే. దిష్టి తగిలిందని అనేవాళ్ళూ ఉన్నారు. అలాంటి పిల్ల పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగు పోయి తెల్లగా పాలిపోయి ఉంటే దానికి రక్తం చాలడం లేదు. ఆ పరిస్థితిలో ఏ ఆకూ ఆదుకోదు. అదే రోజు వైద్యుడికి చూపించాలి.

మోదుగ గింజలు, వాయువిడంగాలు, గుమ్మడి గింజలు, బొప్పాయి గింజలు మన వైద్యంలో నులిపురుగులకు వాడేవే. వాటిని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. వక్క సంగతే చూడండి. వక్కలో ఉండే అరెకోలిన్ అనే పదార్థంతో తయారైన మందునే న్యూజిలాండ్ లాంటి దేశాల్లో కుక్కల బద్దెపురుగులకు చాలా ఏళ్ళు వాడారు. కానీ కొలత కొద్దిగా ఎక్కువైతే కుక్కకు వాంతులు, విరేచనాలు, మూర్ఛ వచ్చేవి. ప్రాజిక్వాంటెల్ అనే మందు వచ్చాక దాన్ని మానేశారు. చెట్టులో గుణం ఉండడం వేరు, కిలో బరువున్న పసిపిల్లకు ఎంత ఇవ్వాలో కొలత తెలిసి ఉండడం వేరు. పురుగు మందు విషయంలో ఆ కొలత మాత్రలో ఉంది, మన చారెడు పొడిలో లేదు.

పిల్లలకు పుట్టిన రెండో వారం నుంచి మొదలుపెట్టి, ఎనిమిదో వారం దాకా రెండు వారాలకొకసారి, ఆరో నెల దాకా నెలకొకసారి పురుగుల మందు వేయిస్తారు. తల్లికీ కలిపి వేయించాలి. పెద్ద కుక్కకు మూడు నెలలకొకసారి. దీన్ని గుర్తుపెట్టుకోవడానికి ఒక సులువు చెబుతాను. ప్రతి ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలు జాతీయ నులిపురుగుల నివారణ దినాలు. బడుల్లో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. మీ అబ్బాయో అమ్మాయో ఆ మాత్ర వేసుకుని ఇంటికి వచ్చిన రోజున కుక్కకూ వేయించాలని గుర్తుచేసుకోండి. వాటికి మధ్యన మే నెల, నవంబరు నెల కలిపితే ఏడాదికి నాలుగుసార్లు అవుతుంది. అయితే పిల్లల మాత్రనే కుక్కకు వేయకండి. దాని మందు వేరు, బరువును బట్టి వైద్యుడు ఇస్తాడు.

ఇదంతా కుక్క కోసమే అనుకోకండి. కుక్క మలంలో పడిన ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. ఆ మట్టిలో ఆడి చేతులు కడుక్కోకుండా తిన్న పిల్లల ఒంట్లోకి పోయి, అరుదుగానైనా కంటి చూపును కూడా దెబ్బతీస్తాయి. కొంకిపురుగు పిల్లలు చెప్పులు లేని కాళ్ళ చర్మంలో దూరి వంకర టింకర గీతల్లా దురద పుట్టిస్తాయి. మందు లేని గొప్ప వైద్యం ఇక్కడ ఒకటుంది. వేసిన మలం వేసినట్టుగా వెంటనే పారతో ఎత్తి, బావికీ కూరపాదులకూ దూరంగా లోతుగా పాతిపెట్టడమే అది. ఏలికపాము గుడ్డు అంటుకునే స్థితికి రావడానికి పది పదిహేను రోజులు, కొంకిపురుగు పిల్ల తయారుకావడానికి దాదాపు వారం పడుతుంది. ఆలోపే తీసేస్తే ఆ గొలుసు తెగిపోతుంది. వాకిలి పొడిగా, ఎండ పడేలా ఉంటే కొంకిపురుగు పిల్లలు బతకవు.

బద్దెపురుగుల్లో రెండు రకాలు మనకు ముఖ్యం. ఒకటి, కుక్క తోక దగ్గర దోసగింజల్లా, బియ్యపు గింజల్లా తెల్లగా కనిపించేది. ఇది దూకుడు పురుగును కుక్క కొరికి మింగినప్పుడు వస్తుంది. కనుక ఎన్ని మాత్రలు వేసినా, దూకుడు పురుగులు పోనంతవరకు ఇది మళ్ళీ వస్తుంది.

రెండోది కంటికి కనిపించనిది, మనుషులకు అన్నిటికన్నా ప్రమాదమైనది. గొర్రెల పెంపకం ఉన్న మన జిల్లాల వాళ్ళు దీన్ని తప్పక తెలుసుకోవాలి. గొర్రెను కోసినప్పుడు కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో నీటి బుడగలు కనిపిస్తే, ఆ ముక్క కోసి పక్కన కాచుకున్న కుక్కకు వేస్తాం. జాతరలప్పుడు, ఉగాది మరునాడు హొసతొడకు రోజున ఇది వీధివీధినా జరుగుతుంది. ఆ బుడగలో ఉన్నది ఒక చిన్న బద్దెపురుగు పిల్లలు. కుక్క పేగులో అవి పెద్దవై గుడ్లు పెడతాయి. కుక్కకు ఏ జబ్బూ కనిపించదు. ఆ గుడ్లు దాని మలంతో, వెంట్రుకలతో మన చేతులకు, నీళ్ళకు, ఆకుకూరలకు అంటుతాయి. మనిషి మింగితే ఏళ్ళ మీద కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో అదే నీటి బుడగ పెరుగుతుంది. డాక్టర్లు దాన్ని హైడాటిడ్ తిత్తి అంటారు. చాలామందికి పెద్ద ఆపరేషను అవసరమవుతుంది.

ఐస్లాండ్ అనే చలి దేశంలో కూడా గొర్రెలూ కుక్కలూ ఎక్కువ. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఈ జబ్బు ఇంటింటా ఉండేది. 1863లో హరాల్డ్ క్రాబే అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు అక్కడికి వెళ్ళి కుక్కలను పరీక్షించి చూశాడు. మరుసటి ఏడు జనానికి అర్థమయ్యేలా ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి ఇళ్ళకు పంచారు. కోసిన గొర్రె లోపలి భాగాలను కుక్కకు వేయకండి, పాతిపెట్టండి లేదా కాల్చండి అన్నదే అందులోని ముఖ్యమైన మాట. తర్వాత చట్టాలు కూడా వచ్చాయి. వంద ఏళ్ళు తిరిగేసరికి ఆ దేశంలో ఆ జబ్బు దాదాపు లేకుండా పోయింది. గొప్ప మందులు రాకముందే, చదువుకున్న జనం అలవాటు మార్చుకోవడంతో మొదలైన పని ఇది.

మనమూ అదే చేయవచ్చు. గొర్రెను కోసిన చోట బుడగలున్న భాగాన్ని రెండు మూడు అడుగుల లోతున పాతి, కుక్క తవ్వకుండా పైన రాళ్ళు పేర్చాలి. లోపలి భాగాలు కుక్కకు పెట్టాలనే ఉంటే అరగంటకు తక్కువ కాకుండా ఉడకబెట్టి పెట్టండి. మంద వెంట తిరిగే కుక్కకు బద్దెపురుగుల మందు ఇంకా తరచుగా అవసరం. ఎన్నాళ్ళకొకసారి అన్నది వైద్యుణ్ణి అడగండి.

చివరగా, ఇంటి వైద్యం ఆపి ఆస్పత్రికి పరుగెత్తవలసిన గుర్తులు చెబుతాను. గోమార్లు పట్టిన కుక్కకు జ్వరం వచ్చి తిండి మానేయడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం, మూత్రం ముదురు రంగులో పోవడం. ఇవి గోమారి జ్వరం గుర్తులు. రక్తపరీక్షతో తెలుస్తుంది, తొందరగా మందు మొదలుపెడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. గోమార్లు మరీ ఎక్కువైతే ఇప్పుడు నెలకో, మూడు నెలలకో ఒకసారి నోటితో వేసే మాత్రలు కూడా దొరుకుతున్నాయి. ఖర్చు కొంత ఎక్కువ. ఏది వాడినా వైద్యుణ్ణి అడిగి, కుక్క బరువు తూచి వాడాలి.

ఈ ఆదివారం మీ ఇంట్లో కుక్క పడుకునే గోనెపట్టను ఒకసారి ఎత్తి చూడండి. కింద ఏముందో పిల్లలకూ చూపించండి. నీళ్ళు కాచడం, ఎండలో వేయడం, పగులు పూడ్చడం, ఒళ్ళు దువ్వడం వాళ్ళు సరదాగా చేస్తారు. పాడిపశువుకు చేసే శ్రద్ధలో నాలుగో వంతు కుక్కకు చేసినా చాలు, దానికీ మన పిల్లలకూ మేలు జరుగుతుంది.